నైరుతి మూల కిటికీ

మిలట్రీలో ‘ఎందుకు’ అని అడిగే అలవాటున్నవాడికి సుఖం ఉండదు. నాకు ఆ జబ్బు పుట్టుకతోనే వచ్చింది. అరుణాచల్ కొండల్లో మా పోస్టు. తెల్లవారకముందే లేచి, చలి ఎముకలు కొరుకుతున్నా సరే, తుపాకి పట్టుకుని కందకంలో నిలబడాలి. ఎందుకంటే శత్రువు ఆ వేళకే వస్తాడన్నారు. వాడికి మాత్రం నిద్ర రాదా అని అడిగినందుకు వారం రోజులు నీళ్లు మోసే పని నాకే వేశారు. వాగేమో కింద, పోస్టేమో పైన. అప్పటినుంచి నా సందేహాలన్నీ ఇంటివైపు తిప్పుకున్నాను.

అప్పుడు మా ఊళ్లో మేము ఇల్లు కడుతున్నాం. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే బస్సు దిగి కాస్త నడిస్తే మా ఊరు. పాత తాటాకిల్లు పడగొట్టి అదే స్థలంలో స్లాబు ఇల్లు. కట్టిస్తున్నది నా భార్య. మా మేనమామ కూతురే, నన్ను బావా అనే పిలుస్తుంది. నేను పునాది కూడా చూడలేదు. ఉండబట్టలేక, పోస్టులో రోల్‌కాల్ జరిగే చదునుకు ఓ పక్కన రాళ్లు పేర్చి ఇల్లు వేసుకున్నాను. కొలతలు ఆమె ఫోనులో చెప్పినవే. ఇది హాలు, ఇది వంటగది, ఇది పడకగది. డ్యూటీ దిగాక కాసేపు అందులో తిరిగేవాణ్ణి. పంజాబీ నేస్తం ఒకడు గుమ్మం దగ్గర బూట్లు విడిచి మరీ లోపలికొచ్చి, ఇంత చిన్న వంటగదిలో రొట్టెలెలా కాలుస్తారని బెంగపడేవాడు.

పోస్టులో సిగ్నలు ఒక్క బండ మీదే అందేది. సాయంత్రం వంతులవారీగా ఎక్కి మాట్లాడుకోవాలి, వెనక వరుస నిలబడి ఉంటుంది. ఎవడు ఎక్కినా అవతలినుంచి మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే, ఎప్పుడొస్తావని. హిందీలోనో ఒడియాలోనో అది మా అందరికీ వినబడేది. నా భార్య మాత్రం ఆ మాట ఒక్కసారీ అడగలేదు. సిమెంటు వచ్చింది, మావయ్యకి మోకాలి నొప్పి తగ్గింది, గేదె ఈనింది, మరుంటాను బావా. అంతే. పైకి నవ్వేసేవాణ్ణి గానీ లోపల బాధపడేవాణ్ణి. నేను రాకపోయినా ఆమెకు ఫరవాలేదేమో అనిపించేది.

గోడలు లేస్తున్న రోజుల్లో ఓ సాయంత్రం ఆమె కొత్త సంగతి చెప్పింది.

“నైరుతి మూల కిటికీ ఎట్టించీస్తన్నాను బావా.”

నైరుతి మూల బరువుండాలి గానీ కంత ఉండకూడదని మా నాన్న పట్టు. నాకు ఆ పట్టింపు లేదు గానీ, అటువైపు ఉన్నది ఇరుకు సందు, అందులో పంచాయతీ కుళాయి. గాలి రాదు, వెలుతురు రాదు. వచ్చేవి బిందెల చప్పుడూ బురద వాసనా.

“ఎందుకే?”

“గావాల.”

“అదే, ఎందుకు కావాలి?”

“గావాలంటే గావాల. ఆ ఇంట్లో ఉండీది నివ్వా, నేనా?”

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. నాకు ఇల్లు చూడకుండానే ఇల్లాలు కనబడింది.

ఆ కిటికీ నా బుర్ర తినేసింది. రాళ్ల ఇంట్లో ఆ మూల ఓ రాయి తీసి సందు వదిలేవాణ్ణి, మళ్లీ పెట్టేవాణ్ణి. పక్కింటి వాళ్లతో కూరలు ఇచ్చిపుచ్చుకోవడానికేమో అన్నాడు మా ఒడియా హవల్దారు. దొంగొస్తే దూకి పారిపోవడానికి అన్నాడు పంజాబీ. కిటికీల మీద లింటలు దిమ్మె పోసేలోగా వెళ్లి, కారణం తెలుసుకుని, సబబుగా లేకపోతే ఆ కంత పూడ్పించాలని నా పంతం. సెలవు మంజూరయింది కూడా. ఇంతలో కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. నా బదులు రావలసినవాడు కిందే చిక్కుకుపోయాడు. నేను ఆమదాలవలసలో రైలు దిగేసరికి స్లాబు కూడా వేసేశారు.

నైరుతి మూల కిటికీ ఉంది. మా నాన్న అరుగు మీద అటు తిరిగి కూర్చుని, “నీ పెళ్లాన్నే అడుగు” అన్నాడు. అడిగాను. “ముందు సేతులు కడుక్కో, అన్నం సల్లారిపోతాది” అంది.

తిన్నాక, క్షేమంగా చేరానని హవల్దారుకు చెబుదామని ఫోను తీశాను. హాల్లో సిగ్నలు లేదు, వంటగదిలో లేదు. ఫోను పైకెత్తి ఇల్లంతా కలియతిరిగాను. అంతకుముందు సెలవుల్లో ఈ సంగతి నేను కనిపెట్టనేలేదు. మాట్లాడాల్సిన మనిషి పక్కనే ఉంటే ఫోనుతో పనేముంది?

“ఏటలా తిరగతన్నావు? ఆ కిటికీ కాడికెళ్లు” అంది వంటగదిలోంచి.

వెళ్లాను. సిగ్నలు వచ్చింది. ఊచల అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కుళాయి, చుట్టూ బిందెలతో ఆడవాళ్లు. నన్ను చూసి ఓ ముసలమ్మ పకపకా నవ్వింది.

“ఓలమ్మ, వొచ్చీసినావేటి! ఇన్నాళ్లూ నీ పెళ్లాం ఈ సందులో మా పక్కన నిలబడే నీతో మాటాడీది. మేమందరం ఇనీవోలం. గేదె ఈనినాదని నీకూ మాకూ ఒక్కపాలే తెలిసినాది!”

నా బండ మీద నా వెనక నిలబడేవాళ్లెవరికీ తెలుగు రాదు. ఆమె చుట్టూ బిందెలు పట్టుకుని నిలబడేవాళ్లందరికీ తెలుగొచ్చు. కిటికీ ఎందుకని నేను గుచ్చి గుచ్చి అడిగినప్పుడు కూడా ఆమె ఆ సందులోనే నిలబడి ఉంది. సిగ్నలు అందే ఆ చోటిని ఇంట్లోకి తెచ్చుకుంటోందన్న ఇంత చిన్న సంగతి, అన్నీ ఎందుకని అడిగే నాకు తట్టలేదు. సిగ్గేసింది, ఆమె మీద ప్రేమా కలిగింది. మా నాన్నకు మాత్రం ఆ మూల బియ్యం బస్తాలు పెట్టి బరువు చేస్తామని సర్దిచెప్పాను.

సెలవు ఇట్టే కరిగిపోయింది. మళ్లీ పోస్టుకు చేరిన సాయంత్రం, బండ దగ్గరికి వెళ్తూ రాళ్ల ఇంట్లో ఆ మూల రాయి తీసి పారేశాను. ఫోను కలిసింది. బిందెల చప్పుడు లేదు, ఎవరి మాటలూ లేవు.

“ఎక్కడున్నావు?”

“ఎక్కడేటి, కిటికీ కాడ. రెక్కలు మూసీసినాను.”

గది తలుపు కూడా గడియ పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

“మరెప్పుడొస్తావు బావా?”

నేనింకా బూట్లు కూడా విప్పలేదు.