మా అమ్మకు శాలువా కప్పిన సాయంత్రం

శాలువా చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చలికి కప్పుకునేది కాదు, సభల్లో కప్పేది. మెరుస్తూ, గరగరలాడుతూ, దేనికీ పనికిరాని ఆ గుడ్డ. గుంటూరులో దసరా వెళ్లి కార్తీకం వచ్చేసరికి శాలువాల కాలం మొదలవుతుంది. ఎక్కడ చూసినా ఉత్సవాలే. నాట్యోత్సవం, నాటకోత్సవం, జానపద సంబరం. ప్రతి కూడలిలో ఫ్లెక్సీ, ఫ్లెక్సీ నిండా దండాలు పెడుతున్న పెద్దమనుషులు. ఆడేవాళ్లూ పాడేవాళ్లూ కావాలంటే కింది అంచున భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా టీచరుగా పనిచేస్తున్నాను. కిందటేడు దాకా నేనూ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టినదాన్నే.

మా అమ్మ బుర్రకథ చెప్పేది. అద్దంకి దగ్గర పల్లె మాది. పగలంతా మిరప కోతలు, పత్తి తీతలు. పొద్దుగూకాక కథ. అమ్మ నడుమ నిలబడి తంబుర మీటుతూ కథ నడిపేది. ఆమెకు అటూ ఇటూ ఇద్దరు డక్కీలు వాయిస్తూ వంత పాడేవాళ్లు. కుడివైపు మా పెద్దమ్మ, ఎడమవైపు మా పిన్ని. పిన్నిది హాస్యం వంత. కథకు అడ్డం పడి జనాన్ని నవ్వించడం ఆమె పని. ముందు వరసలో ఎంత మొనగాడు కూర్చున్నా, ప్రెసిడెంటుగారి మీసాన్నీ పాస్టరుగారి గొడుగునూ కూడా వదిలేది కాదు. హాస్యం వంత ఏమన్నా ఎవరూ ఏమీ అనుకోకూడదు, అది కట్టుబాటు. పెద్దమ్మ పోయాక జట్టు చెదిరింది, కథ ఆగింది.

అమ్మ చెప్పే కథల్లో ఒకటి ఆమె సొంతంగా కట్టింది. చెంబు కథ అనేవాళ్లం. మా అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు మావాళ్లు కోతకు వెళితే రైతులు చెంబు ముట్టుకోనిచ్చేవాళ్లు కాదట. పైనుంచి నీళ్లు పోస్తే దోసిలి పట్టి తాగాలి. మిరపకాయలు కోసిన దోసిలితో నీళ్లు తాగితే పెదాలూ గొంతూ ఎలా భగ్గుమంటాయో తాగినవాళ్లకే తెలుస్తుంది. ఒకరోజు ఆడవాళ్లంతా ‘మాకూ చెంబు కావాలి’ అని గట్టు మీద కూర్చున్నారు. మూడు రోజులు ఒక్క కాయ కొయ్యలేదు. అమ్మమ్మ ఒళ్లో అప్పుడు మా పిన్ని చంటిపిల్ల. ఆ మూడు రోజుల కథను అమ్మ మూడు గంటలు చెప్పేది. కాగితం మీద ఒక్క అక్షరం లేదు, అంతా ఆమె నోట్లోనే ఉంది.

కిందటేడు అమ్మ గొంతు దగ్గర గడ్డ లేచింది. గుంటూరు తీసుకొచ్చి చూపించాను. తీసెయ్యాల్సిందే అన్నాడు డాక్టరు. మాట పలికించే నరం ఆ పక్కనే ఉందనీ, గొంతు మునుపటిలా ఉంటుందని మాటివ్వలేననీ చెప్పాడు. ఆపరేషను కార్తీక పౌర్ణమి వెళ్లాక అన్నారు. అమ్మ ఏడవలేదు.

“ఒక్కసారి జనం ముందు చెంబు కథ చెప్పి, అప్పుడు కోయించుకుంటానే” అంది.

“ఫోన్లో రికార్డు చేస్తానమ్మా, ఇంట్లో చెప్పు” అన్నాను.

“ఫోనుకేం చెప్పనే? అది తందాన అనుద్దా?”

అయినా రెండుసార్లు మొదలుపెట్టింది. రెండుసార్లూ నాలుగు మాటల్లోనే ఆపేసింది. ఎదురుగా మొహాలు లేకపోతే మాట ఊరడం లేదంది.

అప్పుడు నేను జానపద సంబరం కార్యదర్శి దగ్గరికి వెళ్లాను. మా బడిపిల్లల చేత ఏటా ఆయన సభలో కోలాటం వేయిస్తుంటాను, ఆ పరిచయం. “తప్పకుండా మేడమ్, అసలైన కళ అంటే అదే కదా” అని శనివారం సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు ఇచ్చాడు. మూడు గంటల కథను ఇరవై నిమిషాలకు కుదించడానికి అమ్మ పడిన యాతన నేను చూశాను. ఒక్కో చరణం తీసేస్తూ, మళ్లీ పెట్టుకుంటూ, “దీన్నెట్టా చంపను?” అనేది. పెద్దమ్మ స్థానంలో నన్ను నిలబెట్టారు. యాభై ఏళ్లు వచ్చాక డక్కి నేర్చుకున్నాను. వేళ్లు బొబ్బలెక్కాయి. “నీ చేతులకి సుద్దముక్క తప్ప ఏదీ అలవాటు లేదేమే!” అని పిన్ని నెల రోజులూ ఆటపట్టిస్తూనే ఉంది.

ఆ శనివారం అయిదున్నరకే ముగ్గురం ఒకే రంగు చీరాల చీరలు కట్టుకుని, వేషం వేసుకుని తెర పక్కన నిలబడ్డాం. ముఖ్య అతిథి ఏడింటికి వచ్చాడు. జ్యోతి వెలిగించారు. ఇక మొదలయ్యాయి సన్మానాలు. అధ్యక్షుడు అతిథికి కప్పాడు, అతిథి అధ్యక్షుడికి కప్పాడు. హాలు ఇచ్చినవాడికి, కుర్చీలు ఇచ్చినవాడికి, వాళ్ల బావమరిదికి. మా కాళ్ల దగ్గర అట్టపెట్టె నిండా శాలువాలు, ఎన్ని తీసినా తరగవే! మధ్యమధ్య ప్రసంగాలు. ఒకాయన బుర్రకథ గొప్పతనం గురించి అరగంట మాట్లాడాడు. అంతరించిపోతోందట, మనమే కాపాడుకోవాలట! బుర్రకథ చెప్పే మనిషి నాలుగడుగుల దూరంలో డెబ్బై ఏళ్ల మోకాళ్ల మీద నిలబడి, గొంతు ఆరకుండా వేణ్ణీళ్లు గుటకేస్తోంది. కూర్చోమంటే కూర్చోలేదు, కూర్చుంటే ఊపిరి సర్దుకోదట.

తొమ్మిదికి హాలు ఖాళీ చెయ్యాలి. పావు తక్కువ తొమ్మిదికి కార్యదర్శి వచ్చాడు.

“ఏమీ అనుకోకండి మేడమ్. టైం అయిపోయింది. అమ్మగారిని స్టేజీ మీదికి పిలిచి ఘనంగా సన్మానం చేసేద్దాం.”

“సన్మానానికి రాలేదండీ, కథ చెప్పడానికి వచ్చాం. పది నిమిషాలివ్వండి చాలు. వచ్చేవారం ఆమెకు గొంతు ఆపరేషనండీ.”

“అయ్యయ్యో, అలాగా! అయితే సన్మానం కచ్చితంగా చెయ్యాల్సిందే.”

అక్కడే వాడి చొక్కా పట్టుకోవాల్సింది. నేనేం చేశాను? మరుసటేడు పిల్లల కోలాటం గుర్తొచ్చింది. నలుగురిలో గొడవెందుకని అనిపించింది. అమ్మ చెవిలో “పోనీలే అమ్మా, కప్పించుకో” అన్నాను. నా నోరు పడిపోను! ఆ మాట అన్నది వాళ్లు కాదు, నేను.

అమ్మ నా వంక ఒకసారి చూసి స్టేజీ ఎక్కింది. శాలువా కప్పారు. జ్ఞాపిక పట్టుకోవడానికి అడ్డమని కార్యదర్శే ఆమె చేతిలో తంబుర లాక్కుని కుర్చీకి ఆనించాడు. ఫొటోలు తీశారు. అమ్మ మైకు వైపు ఒకడుగు వేసేసరికి “టైం, టైం” అని ఎవరో అరిచారు. అంతే, పిన్ని వెళ్లి ఆ మైకు పట్టేసుకుంది.

“ఏమయ్యా పెద్దమనుషులూ! మూడు గంటల నుంచి మా అక్కని నిలబెట్టి, మీలో మీరే గుడ్డలు కప్పుకుంటన్నారే, మీకేమన్నా చలిజొరమా?”

హాలు ఘొల్లుమంది.

“నవ్వమాకండి! వచ్చేవారం ఆవిడ గొంతు కోస్తారు. మళ్లీ పాడుద్దో లేదో తెలియదు. ఆ గొంతు మీద ఇయ్యాళే గుడ్డ కప్పి పంపిస్తన్నారు. సిగ్గుండొద్దా?”

ఇంకా నవ్వారు. పిన్ని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. మెడలో డక్కి ఉంది, కాళ్లకు గజ్జెలున్నాయి, ఇంకేముంది, వాళ్లకది కథలో భాగమే. ముఖ్య అతిథి కడుపు పట్టుకుని నవ్వి లేచి నిలబడ్డాడు. “భలే! హాస్యమంటే ఇదీ!” అని చప్పట్లు కొట్టాడు. హాలంతా కొట్టింది. నలభై ఏళ్లు ఎవరినేమన్నా ఎవరూ ఏమీ అనుకోని మా పిన్నిని, కడుపు మండి తిట్టిన ఆ ఒక్కరోజూ ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆమె ఆ తర్వాత డక్కి ముట్టుకోలేదు.

ఆపరేషను అయింది. గడ్డ పోయింది, గొంతూ పోయింది. ఇప్పుడు అమ్మ మాట్లాడితే గాలి తప్ప ఏమీ రాదు. మంచినీళ్లు అడిగినా చెవి ఆమె నోటి దగ్గర పెట్టి వినాలి. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మొన్న దసరా వెళ్లిన మూడో రోజు కార్యదర్శి ఫోను చేశాడు.

“శుభవార్త మేడమ్! ఈసారి ప్రసంగాలు బాగా తగ్గించేశాం. అంతా కళాకారులదే. అమ్మగారికి ముప్పావుగంట పెట్టాను. ఆ చెంబు కథే చెప్పమనండి.”

ఏడాది పాటు వాడి కోసం దాచిన తిట్లు నా నోటి నిండా ఉన్నాయి. “ఆమెనే అడగండి” అని స్పీకరు పెట్టి ఫోను అమ్మ చేతికిచ్చాను.

అమ్మ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, ఊపిరి కూడదీసుకుని మాట్లాడింది. పక్కనే కూర్చున్న నాకే అరకొరగా అందింది. అమ్మ మళ్లీ చెప్పింది. మెడ మీద నరాలు తేలాయి.

“హలో... హలో... అమ్మగారూ, ఏమీ వినపడటం లేదండీ. కొంచెం గట్టిగా మాట్లాడండమ్మా” అన్నాడు వాడు.