ఒకటి వస్తే ఒకటి పోవాలి

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడను అందరూ చాలమ్మ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది ఇప్పుడు ఆవిడకైనా గుర్తుందో లేదో. కూరగాయలాయన కొసరు వెయ్యబోతే "చాలు". ఎవరింట్లోనైనా ఇంకాస్త టీ పొయ్యబోతే "చాలు". పొద్దు వాలాక ఎవరైనా చొక్కా పట్టుకొస్తే "ఇవాళ్టికి చాలు, రేపు రండి". ఎంతటి మొనగాడు వచ్చి తొందరపెట్టినా, ఒకసారి మిషను మీద గుడ్డ కప్పిందంటే కప్పినట్టే. జనం తిట్టుకుంటూనే మళ్ళీ ఆవిడ దగ్గరికే వస్తారు. చెప్పిన రోజుకు బట్ట చేతిలో పెట్టే దర్జీ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు మరి.

పుట్టుకతోనే ఇంత పద్ధతిగా ఉందనుకోకండి. ఒకప్పుడు ఆవిడది పెద్ద కొట్టు. చేతికింద పనివాళ్ళు, కాలు పెట్టడానికి చోటు లేనన్ని గుడ్డలు. ఒకరోజు కత్తెర కనపడక కొత్తది కొంది. కొన్నాళ్ళకు అదీ కనపడలేదు. మరొకటి కొంది. చివరికి విసుగెత్తి కొట్టంతా సర్దితే, గుడ్డపీలికల కింద నుంచి కత్తెరలే ఓ కుప్ప బయటపడ్డాయి. ఆ కుప్ప ముందు కూలబడి, ఉన్న ఒక్క కుడిచేతికి ఇన్ని కత్తెరలేమిటని పడీ పడీ నవ్వింది. నవ్వీ నవ్వీ కాసేపు ఏడ్చింది కూడా. ఆ నెలలోనే కొట్టు ఎత్తేసి ఒక్క గదిలోకి మారింది. కిటికీ పక్కన మిషను, మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల, ఓ మూల మంచం, ఇంకో మూల పొయ్యి. ఇక తనకు తానే ఒక చట్టం పెట్టుకుంది. గదిలోకి ఒకటి వస్తే ఒకటి బయటికి పోవాలి. కొత్త దుప్పటి వస్తే పాత దుప్పటికి సెలవు.

ఇలా హాయిగా సాగిపోతుంటే చెల్లెలు వచ్చి పడింది.

చెల్లెలు ఏదో హాస్టల్లో వంట చేసి చేసి ఈమధ్యే మానుకుంది. పిల్లాజెల్లా లేరు. అద్దెకున్న ఇల్లు అమ్ముడుపోయేసరికి అక్క గది తప్ప ఆవిడకు మరో దిక్కు లేకపోయింది. మనిషి ఒక్కతే వచ్చుంటే బాగానే ఉండేది. వెనకాలే బండెడు ఖాళీ సీసాలు కూడా వచ్చాయి. కాఫీ సీసాలు, తేనె సీసాలు, మందు సీసాలు, మూతలున్నవి, మూతలు పోయినవి, చివరికి సీసా లేని మూతలు.

"ఇవన్నీ దేనికే?" అంది చాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయిగా అక్కా."

"ఆ ఎప్పుడో వచ్చేదాకా ఎక్కడ పెడతావు? సీసాలు బయట వసారాలో ఉండనీ. నా గదిలోకి ఒకటి రావాలంటే ఒకటి పోవాలి, తెలుసుగా?"

"తెలీకేం. అలాగే చేద్దాం," అంది చెల్లెలు బుద్ధిమంతురాలిలా.

పొరపాటంతా అక్కడే జరిగింది. ఎవరిది పోవాలో అక్క చెప్పలేదు, చెల్లెలు అడగలేదు.

మర్నాటి నుంచి అక్క బజారుకు వెళ్తే చాలు, ఒక సీసా లోపలికి, అక్క వస్తువు ఒకటి బయటికి. ముందు గొడుగు పోయింది. తర్వాత కాళ్ళు తుడుచుకునే పట్టా, ముక్కాలిపీట, గోడమీది అద్దం. వాటిని వీధిలో అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసింది మహాతల్లి. అద్దం సంగతి అక్క కనిపెట్టింది.

"అద్దమేదే?"

"ఆ తేనె సీసా వచ్చింది కదక్కా, దాని బదులు."

చట్టం తనదే అయ్యె. చాలమ్మ కక్కలేక మింగలేక ఊరుకుంది. పైగా అద్దం లేకపోయినా జడ బాగానే పడిందని ఆ పూట కాస్త గర్వపడింది కూడా.

కానీ ఆ శుక్రవారం కర్టెన్లు ఇచ్చి తిరిగొచ్చేసరికి, గుడ్డ కత్తిరించే బల్ల వీధిలో ఉంది. దాని మీద కూరగాయలాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. బల్ల మొయ్యడానికి చెల్లెలికి సాయం పట్టింది ఆయనేనట. లోపల బల్ల ఉండాల్సిన చోట, అంత పెద్ద వస్తువుకు బదులుగా, సీసాలు బారులు తీరి తళతళలాడుతున్నాయి.

"నాకు అన్నం పెట్టే బల్లే అది! ఇప్పుడు గుడ్డ ఎక్కడ కత్తిరించను, నీ నెత్తిమీదా?"

"మంచం ఉందిగా."

చాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఈ గదికి నువ్వే ఎక్కువయ్యావే!" అనేసింది.

నోరు జారాక ఏం లాభం? మాటకు మాట అప్పజెప్పే చెల్లెలు ఈసారి మంచం కింద నుంచి సంచీ లాగి తన నాలుగు బట్టలూ కుక్కడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?"

"బయటికి. నేను వచ్చిన రోజున నా బదులు ఏం పోయింది? ఏమీ పోలేదు. లెక్క అప్పుడే తప్పింది. సరిచేస్తున్నా."

చెల్లెలికి వెళ్ళడానికి చోటు లేదని ఇద్దరికీ తెలుసు. చాలమ్మ చెల్లెలి బదులు ఇంకేదైనా బయట పెడదామని గదంతా కలయజూసింది. మిషను పోతే తిండి లేదు. మంచం పోతే నడుం వాలదు. అక్కర్లేనివన్నీ ఎప్పుడో పోయాయి. ఇన్నేళ్ళూ మిషను మీద గుడ్డ కప్పగానే పెందలాడే ముసుగుతన్ని పడుకునేది. అది క్రమశిక్షణ అని అందరికీ చెప్పుకునేది. నిజానికి మాట్లాడే మనిషి లేక, ఏం చెయ్యాలో తోచక పడుకునేది. చెల్లెలు వచ్చాక రోజూ దీపం ఆర్పాక కూడా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ పోట్లాట తనకు ఎంత బాగుందో ఇప్పుడు తెలిసొచ్చింది.

"ఆగవే," అంది. "అన్నీ చాలు చాలు అనుకున్నానే గానీ, నువ్వు తక్కువయ్యావని చూసుకోలేదు. లెక్క తప్పింది నేను, నువ్వు కాదు."

చెల్లెలు ముక్కు చీదింది. "మరి నా సీసాలు?"

"మూతలున్నవి రెండు ఉంచుకో."

"నాలుగు. నీ బొత్తాలు పోసుకోవచ్చు."

"నా బొత్తాలకు ఒక్క డబ్బా చాలు. రెండంటే రెండే. రా, ఓ చెయ్యి వెయ్యి."

వీధిలోకి వెళ్ళి కూరగాయలాయన్ని లేపి, ఇద్దరూ బల్లకు చెరో వైపు పట్టారు. సగం గుమ్మం దాటాక చెల్లెలు టక్కున ఆగిపోయింది.

"అక్కా, ఇది లోపలికొస్తే మరి ఏది బయటికి పోవాలి?"

"నోరు మూసుకుని ఎత్తు," అంది చాలమ్మ.