నిలవెట్టి తియ్యి

మొన్న ఆదివారం మా మనవరాలు తన కొత్త కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టినప్పుడు, దాని కింద తగిలించిన బ్యాటరీ పిడి దగ్గరే నా చూపు ఆగిపోయింది. కెమెరాను నిలువుగా తిప్పగానే ఆ పిడి కుడిచేతిలోకి ఒదిగి వస్తోంది, చూపుడువేలి కింద ఇంకో బటన్, బొటనవేలి దగ్గర ఇంకో చక్రం, మోచెయ్యి ఎత్తాల్సిన పనే లేదు. ఇదేం గొప్ప, మా అన్న ఎప్పుడో అమ్మ చపాతీ కర్ర కోసి ఇలాంటిదే చేశాడంటే అది నవ్వింది. నేనూ నవ్వాను గానీ చెప్పింది మాత్రం నిజమే.

డెబ్బైల చివర్లో పత్తర్‌గట్టి వెనక సందులో మా బాపుకు, అంటే నాన్నకు, చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పర్దా పాటించే ఇళ్ళ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు మగవాళ్ళను రానివ్వరు కనుక కెమెరా నా మెడలో పడింది, ఇరవై ఏళ్ళు నిండకుండానే ఆ గల్లీలన్నింటికీ నేను "ఫోటోవాలీ ఆపా", అంటే ఫోటోల అక్క, అయిపోయాను. కెమెరాను అడ్డంగా పట్టడాన్ని మా స్టూడియోలో పండవెట్టుడు అనేవాళ్ళం, నిలువుగా పట్టడాన్ని నిలవెట్టుడు అనేవాళ్ళం. మీలో ఆ కాలపు కెమెరా పట్టినవారికి తెలుసు, పండబెడితే మోచేతులు రెండూ ఒంటికి ఆనుకుని హాయిగా ఉంటాయి. నిలబెడితేనే తంటా, బటన్ పైకి పోతుంది, దాని వెంట కుడిచెయ్యి తలమీదికి పోతుంది, మోచెయ్యి దారికి అడ్డంగా నిలుస్తుంది. బోనాల జాతరలో ఆ మోచేతికి తగలకుండా పోయేవాడు ఒక్కడూ ఉండడు.

లాల్‌దర్వాజాలో పాల వ్యాపారం చేసే మా మేనత్త ఏటా అమ్మవారికి బోనం ఎత్తేది, ఏటా నన్ను ఫోటో తీయమనేది. కుండ మీది దీపం నుంచి పాదాల పసుపు దాకా ఒక్క ఫోటోలో రావాలని ఆమె కోరిక. ఒక ఏడు దీపం తెగింది, ఇంకో ఏడు పాదాలు తెగాయి. మూడో ఏడు ఆ తోపులాట చూసి బాపు కంగారుపడి, "బిడ్డా, అత్తను పండవెట్టి తియ్యి!" అని వెనకనుంచి అరిచాడు. నెత్తిన బోనం కదలకుండా అత్త ఒళ్ళంతా ఇటు తిప్పి, "ఏందిరా తమ్మీ, పండవెట్టుడేంది? నేనేమన్న సచ్చిన్నా?" అంది. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి ఫోటో తీయించుకునే అలవాటు ఆ రోజుల్లో ఉండేది, ఆ ఫోటోలూ మేమే తీసేవాళ్ళం మరి. వీధంతా నవ్వింది, అత్త తప్ప. నెలరోజులు మా ఇంటికి పాలు రాలేదు.

మరుసటి ఏడు తనే వచ్చింది. మోకాళ్ళు అరిగాయని, ఇదే తన చివరి బోనమని, ఇకనుంచి కోడలు ఎత్తుతుందని చెప్పి, "ఈసారన్న నన్ను నిలవెట్టి తియ్యి బిడ్డా" అని నా చేతులు పట్టుకుంది. ఎవరికీ తల వంచని మనిషి అలా అడిగేసరికి నాకు నిద్ర పట్టలేదు.

ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసే మా అన్న మాత్రం, "గింతదానికి ఫికర్ ఎందుకే" అని అమ్మ చపాతీ కర్రను సగానికి కోశాడు. దాన్ని ఇనుప పట్టీతో కెమెరా అడుగున స్టాండు బిగించే మరలో బిగించి, దూరంనుంచి నొక్కే కేబుల్ తీగను కర్రలో తొలిచిన రంధ్రంలోంచి తెచ్చి, దాని బటన్ సరిగ్గా నా వేలి కింద పెట్టాడు. రీలు తిప్పే మీట మాత్రం పాత చోటే ఉంది కాబట్టి ఒకటి తీశాక మళ్ళీ కెమెరాను పండబెట్టాలి, అంటే ఆ గుంపులో నాకు దొరికేది ఒకే ఒక్క అవకాశం. అమ్మ అన్నను తిడుతూ వారం రోజులు గాజు సీసాతో చపాతీలు ఒత్తింది.

జాతరనాడు చినుకుల్లో అత్త వచ్చింది, వేపాకులు ఊగుతున్నాయి, దీపం ఆరలేదు. ఎవరో నన్ను గట్టిగా తోశారు గానీ మోచెయ్యి పక్కటెముకలను వదల్లేదు. ఊపిరి బిగబట్టి నొక్కాను. మళ్ళీ రీలు తిప్పేలోపు జనం ఆమెను కప్పేశారు.

మర్నాడు స్టూడియో చీకటిగదిలో, మందునీళ్ళలో వేసిన కాగితం మీద ముందు ఆమె నల్లటి జుట్టు తేలింది, తర్వాత ముఖం, పాదాలు, అన్నిటికన్నా చివర దీపం. నేను వేసిన కేకకు బాపు చేతిలో చాయ్ ఒలికింది. అత్త ఆ ఫోటోను చాలాసేపు చూసి, "ఇగ నన్ను ఎవ్వలు పండవెట్టలేరు పో" అంది. ఆ పూట మా ఇంటికి బిందెడు పాలు వచ్చాయి.

అత్త, బాపు, అన్న అందరూ వెళ్ళిపోయారు, స్టూడియో ఉన్నచోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఇప్పుడందరూ ఫోన్లు నిలువుగానే పట్టి ఒక్క నిమిషంలో వంద తీస్తున్నారు, మంచిదే, ఎవరి దీపమూ తెగడం లేదు. కానీ ఒక్కదాని కోసం ఊపిరి బిగబట్టడంలోని ఆ ఆనందం వాళ్ళకు ఎలా చెప్పను?

మొన్న మనవరాలికి కెమెరా తిరిగి ఇస్తూ, "నన్ను గూడ నిలవెట్టి తియ్యవే" అన్నాను. అది కెమెరా పక్కన పెట్టి, నా మోకాళ్ళ సంగతి తెలిసిందే కనుక, నన్ను లేపడానికి రెండు చేతులూ చాచింది. ఆ మాట అర్థం తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలానని అప్పుడు తెలిసింది. దాన్ని సరిదిద్దలేదు. ఆ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాను.