ఏసోబు గుమ్మం ముందు చెరగని ముగ్గు

మా కొల్లేటి ప్రాంతంలో దొరకనిదంటూ ఉంటే అది రాయి. చేప కావాలంటే వల విసరాలి, పిట్ట కావాలంటే తలెత్తాలి, రాయి కావాలంటే మాత్రం కృష్ణ ఎగువకి పడవ కట్టాలి. ఎంత తవ్వినా ఇక్కడ నల్లమట్టే. నేను ఏలూరులో ఫోర్తు ఫారం మధ్యలోనే వదిలేసినవాణ్ణి కాబట్టి అంతకన్నా లోతుకు దిగలేదు.

అటువంటి చోట కొల్లేటికోట ఏసోబు రాళ్ళు పోగుచేసేవాడు. బెజవాడ నుంచి ఏలూరు కాలవ మీద నాపరాళ్ళ పడవ నడపడం అతని పని. నాకు బండెక్కడం కన్నా అతని పడవెక్కడం ఇష్టం. బండివాడు నా కోతలు వినడు, ఏసోబు వింటాడు.

మొదటి రాయి బట్టలుతకడానికి తెచ్చి గుమ్మం ముందు వేశాడు. నాలుగు ఉతుకులు పడేసరికి అరిగిన రాయి మీద చుట్లు చుట్లుగా ముగ్గు తేలింది. అతని భార్య దానమ్మ కంగారుపడింది. బాప్తిస్మం తీసుకున్న ఇంటి ముందు ముగ్గేమిటని ఇరుగమ్మనీ పొరుగమ్మనీ తిట్టి, బూడిదేసి తోమింది. తోమినకొద్దీ ముగ్గు నిగనిగలాడింది. ఉపదేశి వరదానం గారు ప్రార్థనకొచ్చి, "ఏమ్మా, పాత అలవాట్లు పోలేదా?" అన్నారు. పాపం, దానమ్మ ఆ రాయిని బోర్లించడానికి నలుగుర్ని పిలిచింది. బోర్లిస్తే అటు కూడా ముగ్గే!

ఏసోబుకి అప్పటినుంచే పిచ్చి పట్టింది. పడవ దించేటప్పుడు విరిగిన ముక్కల్లో చుట్లున్నవి ఏరి పెరట్లో చేర్చేవాడు. కోసిన ఉల్లిపాయలా కొన్ని, బోర్లించిన గిన్నెల దొంతరలా కొన్ని. "రాక్షసుల పెరట్లో పండిన ఉల్లిపాయలు. ఒకటి కోస్తే నాకు మూడ్రోజులు కళ్ళనీళ్ళు ఆగలేదు" అని ఏలూరంతా చెప్పాను. ఇద్దరు నమ్మారు కూడా.

ఒకసారి మద్రాసు నుంచి వచ్చిన రాళ్ళ సర్వే ఆఫీసరు అతని పడవెక్కి, రాళ్ళ మీద చుట్లు చూశాడు. ఆయన మాట ఏసోబు నాకు చెప్పాడు.

"ఇది పాచంటండి రాజుగారూ. సముద్రప్పాచి. కంటికి కనపడని ప్రాణులు అల్లినయ్యంటండి. వండుమట్టి మీద పడితే పైకి పాకడం, మళ్ళీ వండు, మళ్ళీ పాకడం. అప్పటికి చేప లేదంట, గడ్డి లేదంట, చూద్దామంటే కన్నన్నదే లేదంట."

"ఏసోబూ, నా దగ్గర చేరి నువ్వు కూడా చెడిపోయావు" అన్నాను.

ముప్పయ్యారో సంవత్సరం ఎండల్లో ఊళ్ళో కొత్త ప్రార్థన గుడి గోడలు లేచాయి. మట్టితో కట్టిన ఇటుక గోడలు. వానలు రాకముందే సున్నం పూయకపోతే కూలిపోతాయి. అప్పుడే సున్నానికి కాల్చే కొల్లేటి గుల్లతో బట్టీకి వస్తున్న పడవ కాలవలో మునిగింది. ఒడ్డున గుల్లంతా అప్పటికే ఏరేశారు. జనం చూపు ఏసోబు పెరటి మీద పడింది. నాపరాయి కాలిస్తే సున్నమేగా!

వరదానం గారు బుట్టలతో జనాన్ని వెంటబెట్టుకొచ్చారు. "ఏసోబూ, నీ రాళ్ళు ఇస్తే దేవుడి గోడ నిలబడుద్దయ్యా."

"ఇచ్చెయ్యవయ్యా! గోడకన్నా ఎక్కువేంటి ఈ రాళ్ళు?" అంది దానమ్మ.

ఏసోబు ఒక విరిగిన ముక్క చంకలో పెట్టుకుని, "ఒక్కసారి ఒడ్డుదాకా రండయ్యగారూ, తర్వాత తమ ఇష్టం" అన్నాడు. అందరం వెళ్ళాం.

కొల్లేటి నీరు వెనక్కి తగ్గిన చోట పాచి ఎండి అప్పడాల్లా పెళుసుబారి ఉంది. ఏసోబు చేపల కత్తితో ఒక పెచ్చు కోసి పైకెత్తాడు. అంచున ఒక నల్ల పోగు, ఒక తెల్ల పోగు, మళ్ళీ నల్ల పోగు. దాని పక్కన రాయి అంచు పెట్టాడు. అవే పోగులు! ఒకే చేతి అల్లిక. ఒకటి నిన్నమొన్న ఎండిన పాచి, ఒకటి రాయి.

  కాళ్ళ కింద పాచి పటపటమంటుంటే నేను నిలబడ్డది ఏ కాలంలోనో నాకు తెలియలేదు. చూసే కన్నే లేని రోజుల్లో ఈ పని ఇలాగే జరిగిందా? ఎవరి కోసం?

వరదానం గారు రాయి మీద వేలు పెట్టి చుట్టూ తిప్పారు. "అప్పట్లో దీన్ని చూసింది ఆయనొక్కడే" అన్నారు మెల్లిగా. "ఆయన దాచుకున్నదాన్ని ఆయన పేరు చెప్పి ఎలా కాలుస్తామయ్యా?" బుట్ట కింద పెట్టేశారు.

"మరి గోడల సంగతి?" అన్నారెవరో.

దానమ్మ చీర ఎగదోపి నీళ్ళలోకి దిగింది. "లోపల గుల్లుంది, కాలికి తగుల్తుంది. జలగలకి భయపడేవాళ్ళు గట్టు మీదే ఉండండి." ఆ మాటతో గట్టు మీద ఎవరు మిగుల్తారు? మోకాటి లోతు బురదలో కాళ్ళతో తడిమి, బుట్టలకి బుట్టలు తీశారు. నేనూ దిగాను. నా కాలికి పట్టిన జలగ తాచుపామంత ఉంది. వాన రాకముందే గోడలు తెల్లబడ్డాయి.

ఆ ఏడు వానల్లో ఒక తెరిపి పూట ఏసోబు అరుగు మీద కూర్చున్నాం. "ఎంత కాలం నాటిదంటారండీ?" అన్నాడు.

"నోవహు ఓడ నాటిది."

"ఇంకా ఎనక్కెళ్ళండి."

"ఆదాముకి తాత ఉంటే, ఆయన చిన్నప్పటిది!"

"ఇంకా ఎనక్కండి."

 తగ్గించి చెప్పమన్నవాళ్ళే గాని, పెంచమన్నవాణ్ణి నా జన్మలో అతన్నొక్కణ్ణే చూశాను. అప్పుడు బూడిదేసి తోమిన దానమ్మే గుమ్మం ముందు రాయి మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించింది. ముగ్గు లేచింది.