మా రవిగాడు కట్టిన కట్టె షోరూం

నిన్న పొద్దున చాయ్ తాగుతుంటే రవి వాళ్ల తమ్ముడి ఫోన్. "అన్నా, మా అన్న లేడే" అన్నాడు.

ఎటు పోయిండు అని అడిగాను.

హార్ట్ ఎటాక్. నిద్రలోనే. నలభై కూడా నిండలేదు.

రవి నా స్కూల్ ఫ్రెండ్. నస్పూర్ వాడు, ఆర్కిటెక్ట్. మంచిర్యాలలో మీరంతా సెల్ఫీలు దిగే ఆ పెద్ద బట్టల షోరూం వాడి డిజైనే. అడవి జోలికి పోకుండా, రైతులు పెంచిన టేకు చెట్ల పలకలు అతికించి దూలాలు చేయించాడు. "మళ్ల మొలిచేదాంతోని కడుదాం రా, భూమిని తవ్వింది సాలదా?" అనేవాడు. బొగ్గు ఊళ్లో పుట్టాడు కదా.

వాళ్ల బాపు శ్రీరాంపూర్ గనిలో పనిచేశాడు. పైకప్పుకు కట్టె మొద్దులు ఆసరా పెట్టేవాళ్లట. "ఇనుము చెప్పకుండ కూలుతది బిడ్డా. కట్టె ముందుగాల చప్పుడు చేస్తది, ఉరికేటోనికి టైమ్ ఇస్తది" అనేవాడట.

ఆ మాట పట్టుకునే వీడు కట్టెను నమ్మాడు.

షోరూం ఓపెన్ అయ్యాక దాని ఓనర్ సేటు రూఫ్ మీద డిజైన్‌లో లేని ఏసీ మెషీన్లు ఎక్కించాడు. పక్కనే ఇంత పెద్ద హోర్డింగ్. రవి వద్దని మొత్తుకున్నాడు. చెకింగ్ చేయించమని బతిమాలాడు.

"ఆషాఢం సేల్ అయినంక చూద్దాం, ఫికర్ చెయ్యకు" అన్నాడట సేటు.

పోయిన వారం, షట్టర్ తీసే టైమ్‌కు నన్ను తీసుకుపోయాడు. చీరల సెక్షన్ మధ్యలో నిలబెట్టి, "జర ఊపిరి బిగవట్టి విను" అన్నాడు.

టప్.

కాసేపటికి ఇంకోటి.

ఏసీ చప్పుడేమో అన్నాను.

"ఏసీ ఇంకా ఎయ్యలే" అన్నాడు.

అంతలో స్పీకర్లలో పాట మొదలైంది. ఇక ఏమీ వినిపించలేదు. వాడు తలెత్తి నడిమి దూలాన్నే చూస్తున్నాడు.

మా చెల్లె లత అక్కడే బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తుంది.

నిన్న దహనానికి సేటు కూడా వచ్చాడు. కళ్లు తుడుచుకుంటూ, "మనోనిది పెద్ద ఫ్లెక్సీ చేయించిన. నడిమి దూలానికి కట్టిస్త" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇయ్యాల పొద్దున్నే మున్సిపల్ ఆఫీసుకు పోయి కంప్లైంట్ ఇచ్చాను. రేపు వచ్చి చూస్తాం అన్నారు. లతను పోవద్దన్నాను. "సేల్‌ల లీవ్ ఇయ్యరన్నా" అని టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది.

దండం పెడతా, ఇంజనీర్ వచ్చి చూసేదాకా ఎవరూ లోపలికి పోకండి.

ఇది షోరూం ఎదురుగా బండి మీద కూర్చుని రాస్తున్నాను. పార్కింగ్ నిండిపోయింది. జనం ఇంకా వస్తూనే ఉన్నారు.

నువ్వు నిమ్మళంగ పండుకో రా రవీ. నీ పాణానికి ఇగనన్న శాంతి దొరకాలె.

చెల్లె బయటికొచ్చేదాక నేనిక్కడనే ఉంట.