అన్నయ్య లారీ కేబిన్

నేను రైల్వే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. పురుగులు పట్టిన పుండ్లు కడిగిన చేతులతో మధ్యాహ్నం హాయిగా అన్నం తిన్నదాన్ని. అలాంటిది మా అన్నయ్య లారీ బాగుచేయడానికి దిగిన మొదటి వారంలోనే, పెరుగన్నం ముద్ద నోటి దాకా తెచ్చి, వేళ్ళ వాసనకి కంచం పక్కకు నెట్టేశాను. మూడుసార్లు సబ్బుతో తోముకున్న వేళ్ళవి.

అన్నయ్య బెంగాల్ సముద్రం ఒడ్డునున్న దీఘా నుంచి ఖరగ్‌పూర్ మార్కెట్‌కి చేపలు తోలేవాడు. నోటి క్యాన్సర్‌తో ఆయన పోయాక లారీ సుభాష్‌పల్లిలో వాళ్ళింటి పక్కనున్న ఖాళీ జాగాలో నిలబడిపోయింది. కదలని బండి కనిపిస్తే చాలు, జనం దాన్ని చెత్తకుండీ చేసేస్తారు. కుళ్ళిన కూరగాయలు, కోడి ఈకలు, పిల్లల డైపర్లు, సీసాలు అన్నీ అందులోకే విసిరేవారు. చక్రాల దగ్గర మగవాళ్ళు ఏం చేసేవారో పక్కనున్న ప్రహరీ గోడ మీది చారలే చెప్పేవి.

తుక్కుకి అమ్మేయమని అందరూ అన్నారు. వదిన ఒప్పుకోలేదు. పిల్లలు లేరు, ఆమెకి మిగిలింది ఆ బండే. బాగుచేయించి, డ్రైవర్ని పెట్టి తిప్పాలనుకుంది. ప్రేమ్ బజార్ వైపు నుంచి ఒక మెకానిక్కుని పిలిపించింది. అతను తలుపు తీసి, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "దీదీ, పెహలే సాఫ్ కరో" అని, ముందు శుభ్రం చేసుకోమని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

"సాఫ్ సెయ్యడానికి మనకి సేతుల్లేవేటి? నువ్వు రా. మిగతాదీ మనమే సూసుకుందాం" అంది వదిన నాతో.

మా ఇద్దరికీ బండి గురించి ఏమీ తెలియదు. బానెట్ ఎలా తెరుచుకుంటుందో కనిపెట్టడానికే ఒక పూట పట్టింది. ఫోన్‌లో హిందీ వీడియోలు పెట్టుకుని చూస్తూ చేసేవాళ్ళం. వెనకాల సరుకు వేసే బల్లలు కడిగితే చెత్త కింద చేపల పొలుసులు పొరలు పొరలుగా లేచాయి. కర్రలో ఏళ్ళ తరబడి ఇంకిన చేపల నీళ్ళు, వేడినీళ్ళు పోసేసరికి మళ్ళీ ప్రాణం పోసుకుని కంపు కొట్టాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే అందులో ఎలుక గూడు ఉంది. కళ్ళు తెరవని గులాబీ రంగు పిల్లలు ఒకదాని మీద ఒకటి మెదులుతున్నాయి. వదిన వాటిని చేటలోకి ఎత్తి గోడ మీద పెట్టింది. కాకులు వచ్చాయి. నేను అటు చూడలేదు, కానీ చప్పుడు వినపడింది.

పాత ఇంజన్ ఆయిల్ తీయడానికి కింద పడుకున్నది నేనే. బోల్టు విప్పేటప్పుడు చెయ్యి ఏ వైపు పెట్టాలో వీడియోలో చెప్పలేదు. నల్లటి నూనె నా చేతి మీదుగా జారి, జాకెట్టులోంచి చంక దాకా వెచ్చగా పాకింది. ఆ జాకెట్టుని కాల్చేశాను.

అంతా కడిగి ఆరబెట్టిన మర్నాడు పొద్దున్నే బల్లల మీద కొత్త చెత్త సంచి ఉంది. ఎదురింటాయన విసరడం వదిన కిటికీలోంచి చూసింది. సంచి తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో పెట్టి, "దాదా, మీది పడిపోనాది" అని చెప్పి వచ్చింది. ఆయన సిగ్గుపడలేదు. మేమే గొడవమనుషులమని వీధంతా చెప్పుకున్నాడు.

ఇవన్నీ భరించాను. భరించలేనిది కేబిన్‌లో ఉంది.

డ్రైవర్ సీటు కింద పరిచిన రబ్బరు చాప లాగితే రాలేదు. ఇద్దరం కలిసి పట్టి లాగాం. కింద రేకు మీద ముదురు ఎర్రటి పొర బంకలా గడ్డకట్టి ఉంది. సీటు స్ప్రింగుల సందుల్లో మడిచి కూరిన చిన్న చిన్న కాగితం పొట్లాలు.

"ఇదేటి, తుప్పా?" అంది వదిన.

నాకు చూడగానే తెలిసింది. "తుప్పు కాదు వదినా. ఉమ్ము. గుట్కా ఉమ్ము."

ఆమె ఒక పొట్లం తీసి వాసన చూసింది. "ఈ సాప నేనే కొన్నాను. ఆపరేషన్ అయి మళ్ళీ బండెక్కేముందు రేకు కడిగి పరిసినాను, కొత్తది ఉండనీ అని."

ఆపరేషన్ తర్వాత అన్నయ్య బైబిల్ మీద చెయ్యేసి గుట్కా మానేశానన్నాడు. నోరు సరిగా తెరుచుకోక, అన్నం గంజిలా చేసి వదినే తాగించేది. జేబులోంచి సోంపు తీసి నాకు పెట్టి, "ఇదొక్కటే ఇప్పుడు" అని నవ్వేవాడు.

"నీకూ సోంపనే సెప్పినాడా?"

"ఔను వదినా."

నేను కిందకి దిగి కాలవ దగ్గర కక్కుకున్నాను. నా ఉద్యోగంలో ఒక్కసారి కూడా అలా జరగలేదు. నాకు అసహ్యం వేసింది ఆ పొర మీద కాదు, ఆయన మీద. చనిపోయిన అన్న మీద అంత అసహ్యం పుడుతుందని నాకు తెలియదు. నోట్లో కోత పడ్డాక కూడా అక్కడ కూర్చుని, కాళ్ళ దగ్గరే ఉమ్ముకుంటూ, దాని మీద వదిన కొన్న చాప కప్పి, ఇంటికొచ్చి ఆమె చేతి గంజి తాగాడు.

తిరిగి వచ్చేసరికి వదిన వంటింట్లోంచి ఇనప అట్లకాడ తెచ్చి గీకుతోంది. ఏడవడం లేదు. "బతికుంటే దీంతోనే కొట్టేదాన్ని" అంది. సాయంత్రం దాకా ఒక్కతే గీకింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

తర్వాత ట్యాంకులో పాచిపట్టిన డీజిల్ తోడేసి, ఫిల్టరు, బ్యాటరీ మార్చాం. పైపులో గాలి చిక్కుకుని కొన్నాళ్ళు ఏడిపించింది. చివరికి ఒక ఉదయం నల్లటి పొగ వీధంతా కక్కి ఇంజన్ అందుకుంది. బ్రేకులు మా వల్ల కాలేదు. బండి శుభ్రమైందని కబురంపితే ఆ మొదటి మెకానిక్కే వచ్చి చేశాడు.

డ్రైవర్ పనికి వచ్చినవాళ్ళని వదిన లైసెన్సు తర్వాత అడిగింది. "ముందు నోరు తెరువు దాదా" అంది. ఇద్దరు కోపం తెచ్చుకుని వెళ్ళిపోయారు. మూడో మనిషి నవ్వి తెరిచాడు. ఇప్పుడతను ఉల్లిపాయలు, బంగాళాదుంపలు తోలుతున్నాడు. ఒక్కోసారి పక్క సీట్లో వదిన కూడా వెళుతుంది.

నేను ఇంతవరకూ ఆ కేబిన్ ఎక్కలేదు. ఆదివారం చర్చి బయట ఎవరో ఒకరు, "మీ అన్న దేవుడులాంటోడమ్మా" అంటారు. నిజంగానే మంచివాడు. తల ఊపుతాను. అప్పుడు వాంతికి ముందు ఊరినట్టు నోట్లో నీళ్ళూరతాయి. ఉమ్మడానికి మనసొప్పక మింగేస్తాను.