దండం పెట్టించుకున్న రాక్షసుడు

నోరు విప్పకుండానే రోజంతా గడిపేయగలిగిన రోజులవి. మేడ్చల్‌లో డిగ్రీ రెండో ఏడు, శామీర్‌పేట దగ్గర కొత్త కాలనీలో ఇల్లు, రెంటికీ మధ్య బస్సు. కండక్టర్ ఏమడిగినా పాసు చూపించేదాన్నే తప్ప పెదవి కదిపేదాన్ని కాదు. క్లాసులో హాజరు పలకడానికి కూడా నేను ముందుగానే గొంతు సవరించుకోవాల్సి వచ్చేది. తీరా నా వంతు వచ్చేసరికి సవరింపు ఒక్కటే వినిపించేది. (మా లెక్చరర్ దగ్గునే హాజరుగా తీసుకునేవారు. పుణ్యాత్ముడు.) కానీ మాట్లాడని మనుషులు రాతలో ఎంత వాగుతారో నా డైరీలు చూస్తే తెలుస్తుంది. ఆ వాగుడు డైరీలో ఉన్నంతకాలం ఎవరికీ నష్టం లేదు. అది ఫోన్లోకి ఎక్కిన రోజున మొదలైంది అసలు కథ.

మా వైపు ఒక పాత పార్కు ఉంది. రంగులరాట్నం, నీళ్ల జారుడుబల్ల, వాటన్నిటికీ చివర దయ్యాల గుహ. ఆరు డబ్బాల బుల్లి రైలు చీకట్లోకి వెళ్తుంది, అస్థిపంజరాలు ఊగుతాయి, టేపులో ఎవరో ఏడుస్తారు, ఆఖరి మలుపులో కోరల రాక్షసుడు దర్శనమిస్తాడు, అంతే, వెలుగు. నన్ను మొదటిసారి అందులో ఎక్కించినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. పక్కవాళ్లందరూ కెవ్వుమంటుంటే నాకు మాత్రం ఒక సంగతి కనబడింది. ఆ రాక్షసుడు కుడిచెయ్యి ఎత్తి మమ్మల్ని దీవిస్తున్నాడు! ఇంటికొచ్చి డైరీలో ఆయనకొక కథ రాసిపెట్టాను. శాపం తగిలిన రాజు. తనను చూసి భయపడకుండా తిరిగి దండం పెట్టే మనిషి వచ్చేదాకా ఆ గుహలోనే ఉండాలి. ఒక కన్నే వెలుగుతుంది కాబట్టి, వెలిగే కన్ను కోపం, వెలగని కన్ను దయ. ఎనిమిదేళ్ల పిల్లకు అంతకన్నా ఏం కావాలి?

పంతొమ్మిదేళ్లప్పుడు ఆ పార్కు అభిమానుల గ్రూపు ఒకటి ఫోన్లో దొరికింది. 'గుహవాసి' అని పేరు పెట్టుకుని చేరిపోయాను. అభిమానులంటే మామూలు వాళ్లనుకోకండి. టేపులో ఏడుపు మొదటి ఏడుపా, తర్వాత మార్చిన ఏడుపా అని మూడు రోజులు తగువులాడుకున్నవాళ్లు. నాగారంలో ఉండే టికెట్ బాబాయి చిన్నప్పటినుంచీ కొన్న ప్రతి టికెట్టునూ లామినేషన్ చేయించి దాచుకున్నాడు. ఆయన వాదన ఒక్కటే: దేన్నీ ముట్టుకోవద్దు. గ్రూపులో అందరూ 'అప్‌డేట్ అన్న' అని పిలిచే బహదూర్‌పల్లి ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆయన వాదనా ఒక్కటే: అన్నీ మార్చాలి. గుహ తీసేసి రాకెట్లూ గ్రహాలూ ఉన్న అంతరిక్షం కట్టాలని ఆయన కోరిక.

"బాబాయ్, రాక్షసునికి ఒక్క కన్నే ఎలుగుతాంది. అది థీమ్ కాదే, బల్బు పోయింది" అని అప్‌డేట్ అన్న రాసిన రోజున నాకు ఒళ్లు మండిపోయింది. డైరీ తీసి, నా ఎనిమిదేళ్లప్పటి కథకు పంతొమ్మిదేళ్ల గ్రాంథికం పూసి, గ్రూపులో పెట్టేశాను. అంతటితో ఆగినా బాగుండేది. పైన 'పార్కు కట్టిన పాతవాళ్లు చెప్పగా విన్న అసలు కథ' అని ఒక ముక్క తగిలించాను. ఎందుకు తగిలించానంటే చెప్పలేను. నా మాటగా చెప్తే ఎవరూ వినరని అప్పట్లో నా గట్టి నమ్మకం.

విన్నారు. విని ఊరుకోలేదు. తర్వాతి ఆదివారం నుంచి గ్రూపు వాళ్లందరూ ఆఖరి మలుపులో రెండు చేతులూ జోడించి దండం పెట్టడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి వెనక డబ్బాల వాళ్లు, వాళ్లను చూసి స్కూలు పిల్లలు. కొన్ని నెలలకు అది ఆచారమైపోయింది. నన్ను 'గుహవాసి గారు' అనేవారు, 'పెద్దాయన' అనేవారు, మోకాళ్ల నొప్పులకు నూనెలు కూడా సూచించేవారు. (వాటిలో ఒకటి మా అమ్మకు బాగా పనిచేసింది.)

ఇంతలో పిడుగులాంటి కబురు. యాజమాన్యం నిజంగానే గుహ తీసేసి అంతరిక్షం కడుతుందట. టికెట్ బాబాయి మేనేజరు దగ్గరికెళ్లి గోల చేస్తే, ఆయన ఒక మెలిక పెట్టాడు: "గుహకు అసలు కథంటూ ఉంటే, అది నిజమని చూపించండి. పాత సంపద అని చెప్పి పైవాళ్లను ఒప్పిస్తా. లేకపోతే వచ్చే నెల పగలగొట్టడమే." ఆదివారం పది గంటలకు పార్కు క్యాంటీన్‌లో సమావేశం. గుహవాసి గారు తప్పక రావాలి.

వెళ్లకపోతే గుహ పోతుంది. వెళ్తే నా పరువు పోతుంది. రెండు రాత్రులు ఆలోచించి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి వెనక కూర్చుని చూద్దామనుకున్నాను. గడప దాటేలోపే అమ్మ పట్టేసుకుంది.

"ఎక్కడికే? పార్కుకా? ఒక్కదానివా? ఉండు, చీర మార్చుకుని వస్తా. పులిహోర కూడా కలిపేశాను."

అమ్మతో, పులిహోర డబ్బాతో, క్యాంటీన్ ఆఖరి బెంచీలో కూర్చున్నాను. ఇరవైమంది దాకా వచ్చారు, ఫైలు పట్టుకుని మేనేజరు కూడా. అందరూ గుమ్మం వైపే చూస్తున్నారు, తెల్లగడ్డం మనిషి కోసం. పదిన్నరయినా రాలేదు. చివరికి టికెట్ బాబాయే లేచి, నా కథను ముద్రించి తెచ్చిన కాగితం తీసి, గంభీరంగా చదవడం మొదలుపెట్టాడు. నేను బల్ల కింద పడిన చెంచా వెతుకుతున్నట్టు వంగిపోయాను. (చెంచా పడలేదు.) "వెలిగే కన్ను కోపం, వెలగని కన్ను దయ" అని ఆయన అనగానే, నా పక్కనుంచి, మా అమ్మ గొంతు, క్యాంటీన్ మొత్తానికీ వినబడేలా:

"అయ్యో, ఇది మా అమ్మాయి డైరీలోదండీ! మూడో క్లాసులో రాసింది!"

నాకు రెండు విషయాలు ఒకేసారి తెలిశాయి. గుహ పోయింది. మా అమ్మ నా డైరీలు చదువుతోంది.

"ఏంది?" అన్నాడు టికెట్ బాబాయి. "గుహవాసి సారు అంటే... గీ పిల్లనా?"

"మూడో క్లాసు కథకు నేను ఏడాది సంది దండం పెడుతున్ననా?" అని అప్‌డేట్ అన్న పకపకా నవ్వాడు. (అంటే ఆయనా పెడుతున్నాడన్నమాట. అప్పుడెవరూ పట్టించుకోలేదు.) మేనేజరు ఫైలు మూసేశాడు. "సరే, ఇక తేలిపోయినట్టే కదండీ" అని లేవబోయాడు.

ఎలా లేచానో తెలియదు గానీ లేచాను. గొంతు సవరించుకున్నాను, ఈసారి సవరింపు తర్వాత మాట కూడా వచ్చింది.

"కథ నేనే రాశానండీ. పాతవాళ్లు చెప్పారన్నది అబద్ధం. తప్పే. కానీ సార్... ఆ చెయ్యి నేను ఎత్తలేదు. నేను చూసేటప్పటికే అది ఎత్తి ఉంది. భయపెట్టాల్సినవాడు చెయ్యెత్తి ఎందుకు దీవిస్తున్నాడో ఎవరైనా చెప్పండి. చెప్పాక పగలగొట్టండి."

నా జీవితంలో అంత పొడుగు మాట బయటి మనుషుల ముందు అదే మొదటిది. అప్పుడు టీ కోసం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ గేటు తాత దగ్గాడు. పార్కు తెరిచిన నాటినుంచీ గుహ రైలు నడిపేది ఆయనే. ఇన్నేళ్లలో ఏ అభిమానీ ఆయన్ను ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

"నన్నడిగితే చెప్దును గదా బిడ్డా. పార్కు తెరిచే దినం దగ్గరికొచ్చె, రాక్షసుడు తయారు కాకపాయె. సార్లు మస్తు పరేషాన్. ఇగ వినాయకుని బొమ్మలు చేసేటాయనను పట్టుకొచ్చిండ్రు. ఆయన తాన ఉన్న అచ్చు వినాయకునిదే. ఒళ్లు గదే పోసిండు. తలకాయ మార్చిండు, కోరలు అతికిచ్చిండు, రెండు చేతులు తీసేసిండు. ఎడమచేతి లడ్డు మీద పుర్రె గీసిండు. కుడిచెయ్యి మార్చనీకి టైం లేకుండె. గట్లనే దీవిస్తుండు, ఏం జేస్తం?"

"మరి కన్ను, తాతా?" అన్నాను ఆశ చావక.

"గా సైజు బల్బు దొరుకుతలేదు బిడ్డా."

అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. నవ్వనివాడు మేనేజరు ఒక్కడే. ఆయన ముఖం మెల్లగా రంగు మారుతోంది. "ఒక్క నిమిషం. అంటే లోపల ఉన్నది వినాయకుడా?"

"మెడ కింద నుంచి వినాయకుడే సార్" అన్నాడు తాత.

"దాన్ని సుత్తితో పగలగొట్టించాలా?"

"ఎవడు పగలగొడ్తడు సార్? నేనైతే సుత్తి పట్ట. కూలోల్లకు తెలిస్తే వాల్లూ పట్టరు. తియ్యాల్నంటే పద్ధతిగ పూజ జేసి నిమజ్జనం చెయ్యాలె."

టికెట్ బాబాయి కళ్లు మెరిశాయి. "కోరలు పెట్టుకున్న వినాయకున్ని లారీల పెట్టి, బ్యాండు కొట్టుకుంట చెరువుకు తీస్కపోతరా సార్? పుర్రె చేతిల పట్టుకోని? ఊర్లె ఏమనుకుంటరు?"

మేనేజరు మళ్లీ కూర్చున్నాడు. అమ్మ ఆయన ముందు కాగితం ప్లేటులో పులిహోర పెట్టింది. ఆయన ఆలోచిస్తూ మొత్తం తినేశాడు. అప్పుడు అప్‌డేట్ అన్న, గుహ కూలిపోవాలని ఏడాదిగా పోరాడుతున్న మనిషి, గొంతు తగ్గించి అన్నాడు: "సార్, అంతరిక్షం పక్క జాగల కట్టుకోండ్రి. గీయన జోలికి మాత్రం పోవద్దు. ఇన్ని దినాలు దండం పెట్టినం, ఇగ పెట్టకుండ ఉండలేం."

గుహ నిలబడింది. అంతరిక్షం పక్క జాగాలో కట్టారు, అదీ బాగానే ఉంది. గుహ ముందు ఒక బోర్డు పెట్టించి, దాని మీద నా కథను పూర్తిగా రాయించారు, 'పాతవాళ్లు చెప్పగా' అన్న ముక్క తీసేసి. నా పేరు వేస్తామంటే వద్దన్నాను. నోరు అప్పుడే తెరుచుకుంది, మరీ అంత కాదు.

ఇప్పుడు నాకు ఇరవయ్యేడు. డైరీలు తాళం వేసిన పెట్టెలో ఉన్నాయి. అమ్మ తాళంచెవి ఎక్కడుందని అడుగుతూనే ఉంటుంది. మధ్యలో ఫోను మారి గ్రూపు పోయింది. ఈమధ్యే సొంత పేరుతో మళ్లీ చేరాను. పాతవాళ్లు ఎవరూ పెద్దగా రాయడం లేదు, అంతా కొత్త పిల్లలే. బోర్డుకు రంగులు వేయిస్తున్నారని వార్త వచ్చింది. నాకేమో ఆ బోర్డులో 'అంధకార గహ్వరాన అశ్రుపూరిత నేత్రుడై' అన్న వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా చెవులు కాలిపోతాయి. ఇదే అదను అనుకుని, ఎంతో మర్యాదగా, 'ఆ వాక్యం కాస్త బరువుగా ఉంది, తీసేసి తేలిక చేస్తే బాగుంటుందేమో' అని రాశాను.

అరగంటలో నలభై జవాబులు. యాప్రాల్ నుంచి ఒక ఇంటర్ కుర్రాడు అందరికన్నా గట్టిగా రాశాడు: "అక్కా, మీరు కొత్తగ వచ్చినట్టున్నరు. అది ఒరిజినల్ కథ. రాసినోల్లు ఎంతో ఆలోచించి రాసిండ్రు. ఒక్క అక్షరం ముట్టినా ఊకోం."

జవాబు టైపు చేశాను, చెరిపాను, మళ్లీ టైపు చేశాను. బల్ల మీద మోచేతులు ఆనించి, నిఘంటువు తెరిచిపెట్టుకుని, ప్రపంచం తన మాట వినదని ఏడుస్తూ ఆ వాక్యం కూర్చిన పంతొమ్మిదేళ్ల పిల్ల కళ్ల ముందు మెదిలింది. ఆ పిల్ల తరఫున ఇంతమంది పోట్లాడుతున్నారని అప్పుడే తెలిసుంటే, బహుశా ఇంకో నాలుగు సమాసాలు ఎక్కువే వేసేది. ఫోన్ పక్కన పెట్టబోతూ ఆగి, ఆ కుర్రాడికి రాశాను: "నిజమే తమ్ముడూ. ఉండనివ్వండి."